కిడ్నీ మార్పిడి అయింది, ఇంట్లో కుక్క ఉండొచ్చా?

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర పల్లె. నాకు 41 ఏళ్లు. అమ్మ ఇచ్చిన కిడ్నీతో నాలుగు నెలల కింద హైదరాబాద్‌లో ఆపరేషన్ అయింది. ఇంట్లో ఆరేళ్లుగా కుక్క ఉంది. పిల్లలు ఈమధ్య పిల్లికూనను తెచ్చారు. కోళ్లూ ఉన్నాయి. అన్నింటినీ వదిలించుకోమని చుట్టాలు పోరుతున్నారు. ఏం చెయ్యాలి?

సలహా: కుక్కను ఎవరికీ ఇవ్వక్కర్లేదు. అలాగని చుట్టాల భయం ఉత్తదీ కాదు. కొత్త కిడ్నీని శరీరం తిప్పికొట్టకుండా మీరు వాడే టాక్రోలిమస్, మైకోఫినోలేట్, స్టెరాయిడ్ గోలీలు రోగనిరోధక శక్తిని తగ్గిస్తాయి. మొదటి 6 నుంచి 12 నెలలు మోతాదు ఎక్కువ, ముప్పూ ఎక్కువే.

కుక్కకు ఏటా రేబిస్ టీకా, మూడు నెలలకోసారి నులిపురుగుల మందు పశువుల దవాఖానలో వేయించండి. ఆదివారం కోడిని కోసి పేగులు, పచ్చి ముక్కలు దానికి విసిరే అలవాటుంటే మానండి. ముఖం, పుండ్లు నాకనివ్వొద్దు. డయాలసిస్ కోసం చేతికి పెట్టిన ఫిస్టులా (రెండు రక్తనాళాలను కలిపి కుట్టిన చోటు) ఇంకా ఉంటే దానిమీద గోరు పడకుండా చూసుకోండి. అక్కడ తెగితే రక్తం ధారగా పోతుంది.

ఇంటి కుక్కయినా, వీధి కుక్కయినా కరిస్తే, గీరితే పావుగంట సబ్బుతో, ధారగా పడే నీళ్లతో కడిగి, వెంటనే దవాఖానకు వెళ్లండి. కిడ్నీ మార్పిడి సంగతి ముందే చెప్పండి. రక్తం రాని చిన్న గీరుకు కూడా మీకు రేబిస్ టీకాతోపాటు ఇమ్యూనోగ్లోబులిన్ (రేబిస్‌ను వెంటనే అడ్డుకునే, ముందే తయారైన యాంటీబాడీల ఇంజెక్షన్) కావాలి. ఈ టీకాలో బతికున్న వైరస్ ఉండదు కాబట్టి భయం లేదు. ఒక్క డోసూ తప్పించొద్దు. టీకా వేయించుకున్నామని కిడ్నీ గోలీలు ఆపడం అంతకన్నా పెద్ద తప్పు.

నాకు అనుమానమున్నది పిల్లికూన మీదే. ఎలుకలు, పచ్చి మాంసం తినే పిల్లి మలంలో టాక్సోప్లాస్మా అనే క్రిమి ఉండొచ్చు. అది బయటపడిన ఒకటి నుంచి ఐదు రోజుల్లో అంటుకునే స్థితికి వస్తుంది. అందుకే ఏ రోజుది ఆ రోజే తీసెయ్యాలి, అదీ మీరు కాదు, ఇంట్లో ఇంకొకరు. ఇల్లు కట్టడానికి పోసిన ఇసుక కుప్పే పిల్లులకు ఇష్టమైన చోటు. ఆ ఇసుకలో, పూలకుండీల మట్టిలో ఉత్త చేతులు పెట్టకండి. కూన ఆటలో గీరడం మామూలే. ఈ ఏడాదికి దాన్ని అమ్మమ్మగారింట ఉంచగలిగితే నాకు నిశ్చింత.

కోళ్ల గూడు ఊడ్వడం, కోడిపిల్లలను చేతిలోకి తీసుకోవడం మీ పని కాదు. గుడ్డు గట్టిగా ఉడికాకే తినండి. మేడ మీద పావురాల రెట్ట ఎండిపోయి ఉంటే ఊడ్చే చోట నిలబడకండి. ఆ దుమ్ములోని ఫంగస్ ఊపిరితిత్తుల నుంచి మెదడు దాకా పోగలదు.

స్టెరాయిడ్ వాడేవారికి జ్వరం పెద్దగా పైకి కనిపించదు. 100.4 డిగ్రీలు దాటినా, విరేచనాలు పట్టుకున్నా ఊళ్లో ఇంజెక్షన్ వేయించుకుని కూర్చోకుండా, ఆపరేషన్ చేసిన దవాఖానకు అదే రోజు ఫోన్ చెయ్యండి. ఇంట్లో ఏయే జీవాలున్నాయో కూడా చెప్పండి. చాలామంది ఆ ముక్క చెప్పరు, డాక్టర్లం మేమూ అడగడం మరచిపోతాం.