చింతగింజల హద్దు

ప్రశ్న: బాబుని దిల్‌సుఖ్‌నగర్‌లో ట్యూషన్‌కి దింపి, నేనూ మా ఆయనా ఎదురుగా ఉన్న ఇరానీ హోటల్లో ముప్పావుగంట ఫోన్లు చూసుకుంటూ కూర్చుంటున్నాం. హ్యాండ్‌బ్యాగులో పట్టే ఆట ఏదైనా చెప్పండి. రమ్మీ వచ్చు కానీ ఇద్దరికి బోరు. పైగా మా మామగారికి పేకంటే పడదు.
– ఒక పాఠకురాలు, నాగోలు

జవాబు: రమ్మీ వచ్చంటే సగం పని అయిపోయిందమ్మా. గణితంలో డాక్టరేట్ చేసిన జర్మన్ ఆయన రైనర్ క్నిజియా 1999లో 'షాటెన్ టాటెన్' అని ఒక ఆట తెచ్చాడు. రెండు స్కాట్లండ్ ఊళ్ల మధ్య హద్దురాళ్ల తగువు అది. ఊరి చివర ప్లాటు కొన్నవాళ్లకి ఆ తగువేంటో నేను వేరే చెప్పక్కర్లేదు. అసలు ఆటలో 9 రాళ్లు, ఆరు రంగుల్లో 54 ముక్కలు ఉంటాయి. మా ఆవిడా నేనూ మామూలు పేకతో, 7 చింతగింజలతో ఆడతాం. టేబుల్ మీద మూరెడు జాగా చాలు.

గింజలు వరసగా పెట్టి, చెరో ఆరు ముక్కలు పంచుకోండి. మీ వంతు రాగానే ఏదో ఒక గింజ దగ్గర, మీ వైపు, ఒక ముక్క తెరిచి పెట్టి కట్టలోంచి ఒకటి తీసుకోవాలి. గింజకి ఒక్కొక్కరివి మూడు ముక్కలే. ఒకే గుర్తు సీక్వెన్స్ అన్నిటికన్నా పెద్దది. తర్వాత మూడూ ఒకే అంకె, ఆ తర్వాత మూడూ ఒకే గుర్తు, ఆ తర్వాత మామూలు సీక్వెన్స్. ఇవేవీ కాకపోతే మొత్తం కూడుకోవడమే. ఆసు ఒకటి, రాజు పదమూడు. సమానమైతే ముందు మూడూ పెట్టినవాళ్లదే గింజ. నాలుగు గింజలు గానీ, పక్కపక్కన మూడు గానీ గెలిస్తే ఆట అయిపోయినట్టే.

అసలు మజా ఇంకోచోట ఉంది. మొన్న నడిమి గింజ దగ్గర నేను ఆటీను ఏడు, ఎనిమిది పెట్టుకుని మూడోదాని కోసం చూస్తున్నాను. మా ఆవిడ తన రెండు నాలుగుల పక్కన మూడో నాలుగు పెట్టి, "గింజ నాది" అని లాగేసుకుంది. నా మూడో ముక్క ఇంకా పడందే అదెలాగన్నాను. టీ సాసరు జరిపి ఆ చివరున్న ఆటీను ఆరు, ఈ చివరున్న ఆటీను తొమ్మిది చూపించింది. ఆ రెండూ బయట పడిపోయాక నాకు ఒకే గుర్తు సీక్వెన్స్ ఎక్కడిది? ఏడు, ఎనిమిది పక్కన ఏం పెట్టినా మూడు నాలుగుల్ని దాటదు. కళ్లెదుట ఉన్న ముక్కలతో ఇలా రుజువు చేస్తే, ఎదుటివాళ్లు పూర్తి చేయకముందే గింజ తీసేసుకోవచ్చు. అందులో ఆ తొమ్మిది నేనే, తొందరపడి, వేరే గింజ దగ్గర పెట్టుకున్నాను! ఆ సాయంత్రం చాయ్ డబ్బులు కూడా నేనే ఇచ్చాను.

ఒక ఆట పావుగంట, మహా అయితే ఇరవై నిమిషాలు. ట్యూషన్ వదిలేలోపు రెండు పడతాయి.

మామగారి సంగతంటారా? ఆయనకి పడనిది పందెం అయ్యుంటుంది. ఇందులో పైసా పని లేదు. ఒకరోజు ఇంట్లోనే వేసి, గింజ ఎవరిదో తీర్పు చెప్పమని ఆయన్నే పక్కన కూర్చోబెట్టండి.

హోటల్లో మాత్రం ఫ్యాను కింద టేబుల్ వద్దు. గెలిచే ఆట ఒకటి నాకలాగే ఎగిరిపోయింది.