అక్టోబరులో టూమ్‌స్టోన్: దయ్యాల టూరుకు ముందు పగటిపూట చూడవలసినవి

అరిజోనాలోని చాండ్లర్‌లో ఉంటున్న మీరు, అక్టోబరు నెలాఖరులో పిల్లలను, ఇండియా నుంచి వచ్చిన మీ అత్తమామలను వెంటబెట్టుకొని అదే రాష్ట్రంలోని పాత వెండి గనుల ఊరు టూమ్‌స్టోన్ వెళ్లాలనుకుంటున్నామని, అక్కడి రాత్రిపూట దయ్యాల టూర్లు చూడదగినవేనా అని అడిగారు. మేము ఆ ఊరికి మూడుసార్లు వెళ్లాము, అందులో రెండుసార్లు అక్టోబరులోనే. తప్పకుండా వెళ్లమనే చెబుతాను. అయితే రాత్రి టూరు ఒక్కటే చూసి వస్తే మాత్రం ఆ ఊరిని చూసినట్టు కాదు. ముసుగులు వేసుకొని చీకట్లో మీద పడి భయపెట్టే ఇళ్లే మీకు కావాలంటే అవి హాలోవీన్ సందర్భంగా ఫీనిక్స్ చుట్టుపక్కల అక్టోబరు నెలంతా ఉంటాయి, వాటి కోసం మూడు గంటల ప్రయాణం అవసరం లేదు. టూమ్‌స్టోన్‌లో ఒళ్లు గగుర్పొడిచేది ఏదైనా ఉందంటే, అది అక్కడ నిజంగా చనిపోయిన మనుషుల కథలే.

వెండి కోసం ఆ కొండల్లోకి ఒంటరిగా బయలుదేరిన ఎడ్ షీఫెలిన్‌తో, అక్కడ నీకు దొరికేది నీ సమాధి రాయి ఒక్కటే అని సైనికులు అన్నారట. 1877లో అతనికి వెండి దొరికింది, ఆ మాటనే అతను తన గనికి పేరుగా పెట్టుకున్నాడు, 1879లో వెలసిన ఊరికీ ఆ పేరే వచ్చింది. ఊరికి పేరే సమాధి రాయి అని వినగానే మా అమ్మ కారులో కాసేపు మౌనంగా ఉండిపోయింది.

ఉదయాన్నే బయలుదేరి ముందుగా బూట్‌హిల్ శ్మశానానికి వెళ్లండి. ఊళ్లోకి ప్రవేశించే చోటే, ఎండకు మాడిన ఒక చిన్న గుట్ట మీద ఉంటుంది. ఎక్కడా పచ్చిక కనిపించదు; ఒక్కొక్క సమాధి మీద పిడికెడంత, తలకాయంత రాళ్లు కుప్పగా పేర్చి ఉంటాయి, తలవైపు ఒక పలక, దాని మీద పేరు, చనిపోయిన తీరు. ప్రాస కుదిర్చి రాసిన పలకల దగ్గర యాత్రికులు ఫోటోలు తీసుకొని వెళ్లిపోతుంటారు. మీరు మాత్రం పక్కపక్కనే ఉన్న మూడు సమాధుల దగ్గర ఆగండి. 1881 అక్టోబరు 26న జరిగిన ఓకే కొరాల్ (గుర్రాలను ఉంచే ఆవరణ) కాల్పుల్లో చనిపోయిన బిల్లీ క్లాంటన్, టామ్ మెక్‌లౌరీ, ఫ్రాంక్ మెక్‌లౌరీ అక్కడ ఉన్నారు. టూమ్‌స్టోన్ వీధుల్లో హత్యకు గురయ్యారని ఆ పలక చెబుతుంది. ఊరి మార్షల్, అంటే పోలీసు అధికారి వర్జిల్ అర్ప్, అతని తమ్ముళ్లు వ్యాట్, మోర్గన్, వాళ్లతో ఉన్న డాక్ హాలిడే విధి నిర్వహణలోనే కాల్చారని వెల్స్ స్పైసర్ అనే న్యాయాధికారి నెల రోజుల విచారణ తరువాత తేల్చాడు. తీర్పు ఒకటి చెబితే పలక ఇంకొకటి చెబుతోంది. బిల్లీ క్లాంటన్‌కు అప్పటికి 19 ఏళ్లు. ఆ వయసు విన్న తరువాత, ఊళ్లో రోజూ టిక్కెట్టు పెట్టి ఆడే కాల్పుల ప్రదర్శనను మా పెద్దబ్బాయి చప్పట్లు కొట్టకుండా చూశాడు. ఇంకో సంగతి, ఆ అరనిమిషం కాల్పులు అసలు కొరాల్ లోపల జరగనే లేదు. దాని వెనుక ఫ్రీమాంట్ వీధి వైపు, ఫ్లై అనే ఫోటోగ్రాఫరు స్టూడియో పక్కన ఉన్న ఇరుకు స్థలంలో జరిగాయి.

పెద్దవాళ్ల విషయం ముందే మాట్లాడుకోండి. మా అమ్మ శ్మశానంలో అడుగుపెట్టనని చెప్పి, ముందున్న దుకాణం దగ్గరే కూర్చుంది. మేమూ బలవంతపెట్టలేదు. హోటల్‌కు చేరగానే అందరినీ తలస్నానం చేయమంది, చేశాము. మీ అత్తగారికీ ఇటువంటి పట్టింపు ఉంటే ఆ రాత్రి బస ఎక్కడో ముందే ఏర్పాటు చేసుకోవడం మంచిది.

తరువాత 1882లో కట్టిన కోర్టు భవనానికి వెళ్లండి. ఇప్పుడది రాష్ట్ర చారిత్రక పార్కు. నా దృష్టిలో ఊరంతటిలో తప్పక చూడవలసిన చోటు ఇదే. వెనుక ఆవరణలో ఉరికంబం నమూనా నిలబెట్టారు. 1883 డిసెంబరులో దగ్గరలోని బిస్బీ అనే ఊళ్లో ఒక దుకాణాన్ని దోచుకుంటూ దొంగలు నలుగురిని చంపారు, అందులో ఒకామె గర్భవతి. ఆ నేరానికి ఐదుగురిని 1884 మార్చిలో ఇక్కడ ఒకేసారి ఉరితీశారు. అది చూడటానికి జనం వస్తారని ఒకతను మెట్లవరుసలతో గ్యాలరీ కట్టి టిక్కెట్లు అమ్మాడు. ఆ ఊళ్లో భోజనశాల, బస నడిపిన ఐరిష్ మహిళ నెల్లీ కాష్‌మన్ దీన్ని సహించలేక, గని పనివాళ్లను కూడగట్టి ముందురోజు రాత్రే ఆ గ్యాలరీని పడగొట్టించింది. శవాలను వైద్య విద్యార్థుల కోసం తవ్వుకుపోతారన్న మాట చెవిన పడితే సమాధుల దగ్గర కాపలా కూడా పెట్టించిందని చెబుతారు. ఈ కథ అమ్మకు తెలుగులో చెబుతుంటే, ఆవిడ ఆ ఉరికంబం వైపే చూస్తూ, "పోయినవాళ్లతో పగేమిటి నాయనా, ఆ తల్లి మంచి పని చేసింది" అంది. అప్పటి నుంచి నేను ఆ ఊళ్లో ఏ ప్రదర్శన చూసినా నెల్లీ కాష్‌మన్ గుర్తుకు వస్తుంది. చావును టిక్కెట్టు పెట్టి చూపించకూడదని అదే ఊళ్లో నూటనలభై ఏళ్ల క్రితమే ఒకరు గట్టిగా నిలబడ్డారని మీ పిల్లలకు కూడా చెప్పండి.

ఇక మీరు అడిగిన రాత్రి టూరు. వెళ్లాలనుకుంటే బర్డ్ కేజ్ థియేటర్‌కే వెళ్లండి. 1881 డిసెంబరులో తెరిచిన ఈ నాటకశాల, గనుల్లోకి నీళ్లు చేరి ఊరు చితికిపోయాక మూతపడి, దశాబ్దాలు అలాగే ఉండిపోయి, 1934లో తిరిగి తెరుచుకుంది. అందుకే పాతదనం అక్కడ చెక్కుచెదరలేదు. హాలులో నిలబడి తలెత్తితే, రెండు వైపులా పైకప్పుకు కాస్త కిందుగా, ఎర్రటి తెరలతో పద్నాలుగు చిన్న గదులు పంజరాలలాగా కనబడతాయి. గోడల్లో, పైకప్పులో బుల్లెట్ రంధ్రాలు ఉన్నాయి. టార్చి వెలుగు పడినప్పుడు ఒక రంధ్రం అంచున చెక్క పీచు లోపలికి వంగి ఉండటం నేను దగ్గరగా చూశాను. ఏ దయ్యం కథా నన్ను అంత కదిలించలేదు. బూట్‌హిల్‌కు శవాలను మోసిన బ్లాక్ మొరైయా అనే బండి కూడా అక్కడే ఉంది. సిగార్ వాసన వచ్చిందని, నవ్వు వినిపించిందని గైడ్లు చెప్పేవి వింటే వినవచ్చు. నాకైతే అవేవీ అనుభవంలోకి రాలేదు.

పిల్లల వయసు మాత్రం దయచేసి గమనించండి. మా మొదటి ప్రయాణంలో, పేరు చెప్పడం భావ్యం కాని వేరొక రాత్రి నడక టూరుకు ఆరేళ్ల మా అమ్మాయిని తీసుకువెళ్లాము. ఏ వయసు నుంచి తగినదో మేము అడగలేదు, వాళ్లూ చెప్పలేదు. మధ్యలో ఒక్కసారిగా దీపాలు ఆర్పేసి గైడు కేక పెట్టేసరికి పిల్ల నా మెడను కరుచుకొని వదల్లేదు. ఆ తరువాత వారం రోజులు లైటు ఆర్పితే నిద్రపోయేది కాదు. అందువల్ల పదేళ్లలోపు పిల్లలుంటే సాయంత్రం పెందలాడే మొదలయ్యే కుటుంబాల టూరు ఉందేమో అడిగి, దానికే టిక్కెట్లు తీసుకోండి.

అక్టోబరు మూడవ వారాంతంలో హెల్డొరాడో ఉత్సవం జరుగుతుంది, 1929లో మొదలైన పాత వేడుక. ఊరేగింపు, వేషాలు బాగుంటాయి కానీ ఆ జనంలో పెద్దవాళ్లకు కూర్చునే చోటు కూడా దొరకదు. మీరు చెప్పిన నెలాఖరే మేలు. ఊరు సుమారు 4,500 అడుగుల ఎత్తులో ఉంది కాబట్టి చీకటి పడగానే చలి మొదలవుతుంది, స్వెటర్లు కారులో ఉంచుకోండి. అలెన్ వీధిలో కార్లను రానివ్వరు, కాలిబాటలు చెక్కలతో ఎగుడుదిగుడుగా ఉంటాయి, మామగారికి మోకాళ్ల నొప్పులుంటే చేతికర్ర మరచిపోవద్దు. శాకాహారం దొరకడం కష్టం. మేము పులిహోర, పెరుగన్నం వెంట తీసుకువెళ్లి బతికిపోయాము. రెండో రోజు పాతిక మైళ్ల దూరంలోని బిస్బీకి వెళ్లి, కాపర్ క్వీన్ గనిలో చిన్న రైలెక్కి లోపలికి వెళ్లి చూస్తే పిల్లలకు చాలా నచ్చుతుంది.

చివరగా, తిరుగు ప్రయాణంలో టూమ్‌స్టోన్ దాటి బెన్సన్ వైపు వచ్చేటప్పుడు 80వ నంబరు రహదారి మీద బోర్డర్ పెట్రోల్ (సరిహద్దు గస్తీ దళం) తనిఖీ కేంద్రం ఉంది. మీరు అమెరికా పౌరులా అని అడుగుతారు. మీ అత్తమామల పాస్‌పోర్టులు, ఐ-94 (అమెరికాలో ప్రవేశించినట్టు తెలిపే రికార్డు) ప్రతులు, మీ వీసా పత్రాలు లేదా గ్రీన్ కార్డులు ఇంట్లో వదిలిపెట్టకుండా చేతికందే చోట పెట్టుకోండి. ప్రశ్న అడిగినప్పుడు కంగారు పడనక్కరలేదని పెద్దవాళ్లకు బయలుదేరే ముందే చెప్పి ఉంచండి.