మాటలు వెతుక్కోకు, పని అందుకో

చిరంజీవికి ఆశీస్సులు.

నీ స్నేహితురాలి నాన్నగారిని ఐసీయూలో చేర్చారని, వెళ్లి ఏం మాట్లాడాలో తోచడం లేదని రాశావు. మాటల కోసం వెతుక్కోకు తల్లీ. ఆ పిల్ల నెత్తిమీద ఇప్పుడు సవాలక్ష పనులున్నాయి. వాటిలో రెండు నువ్వు అందుకున్నా ఎంతో ఊరట.

"ఏదైనా కావాలంటే చెప్పు" అని మాత్రం అనకు. ఏం కావాలో ఆలోచించే ఓపిక తనకెక్కడిది? "ఆరింటికి ఛార్జరు, దుప్పటి తెస్తున్నాను, జవాబు ఇవ్వనక్కర్లేదు" అని మెసేజ్ పెట్టి వెళ్ళు.

ఐసీయూ డాక్టర్లు ఇంటివాళ్లతో మాట్లాడేది మామూలుగా రోజుకు ఒకటి రెండుసార్లు, అదీ కొద్ది నిమిషాలే. "వెంటిలేటర్" అన్న మాట చెవిన పడిందంటే ఆ తర్వాత చెప్పిందేదీ బుర్రకెక్కదు. తనకు అభ్యంతరం లేకపోతే నోటుబుక్కు పట్టుకుని పక్కన నిలబడు. తేదీ, మాట్లాడిన డాక్టరు పేరు, బీపీ ఎలా ఉంది, ఆక్సిజన్ తగ్గించారా పెంచారా, ఏ మందు మార్చారు, మళ్లీ పరీక్ష ఎప్పుడు, అన్నీ రాసుకో. అడగాల్సిన ప్రశ్నలు ముందురోజు రాత్రే ఇద్దరూ కూర్చుని రాసి ఉంచండి. అప్పటికప్పుడు ఒక్కటీ గుర్తుకు రాదు.

బంధువుల ఫోన్లు కూడా నువ్వే ఎత్తు. అదే సంగతి ఇరవైమందికి చెప్పుకోవడం ఎంత నరకమో పడినవాళ్లకే తెలుసు. ఎంతవరకు చెప్పవచ్చో ముందే తనను అడిగి తెలుసుకో.

ఇంట్లో పెద్దవాళ్లుంటే వాళ్ల బీపీ, షుగరు మాత్రల సంగతి ఈ హడావుడిలో అందరూ మరిచిపోతారు. అదొకటి చూడు.

"ఏమీ కాదులే" అని హామీ ఇవ్వకు. ఆపదలో ఉన్నవాళ్లకు మానసిక ప్రథమ చికిత్స గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో తెచ్చిన మార్గదర్శి కూడా ఉత్త హామీలు ఇవ్వవద్దని, జరిగింది చెప్పమని బలవంతపెట్టవద్దని అంటుంది. ఇంకెవరికో ఇదే జబ్బు వచ్చి ఏమైందో ఏకరువు పెట్టేవాళ్లుంటారు. అలాంటివాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. వాళ్లను నెమ్మదిగా అవతలికి తీసుకుపో. తను మాట్లాడితే విను, మాట్లాడకపోతే ఊరికే పక్కన కూర్చో.

తన ముందు నువ్వు బెంబేలెత్తితే నిన్ను ఓదార్చే భారం కూడా తనమీదే పడుతుంది. ఏడుపు ఆగకపోతే బయటికి వచ్చి నాకు ఫోను చెయ్యి, అర్ధరాత్రయినా సరే, ఎత్తుతాను.

ఇట్లు,
మీ పెద్దమ్మ