ఫోన్ ఎత్తని ఆదివారం

ప్రశ్న: మాది గుంటూరు, మిర్చి వ్యాపారం. 30 లక్షలు అప్పు తెచ్చి అబ్బాయిని ఎం.ఎస్.కి బోస్టన్ పంపాను. ఆదివారం పొద్దున ఏడింటికి ఫోన్ చేస్తే ఎత్తడు. తర్వాత అడిగితే నాటకమంటాడు, లేదంటే బేస్‌బాల్ మ్యాచ్ అంటాడు. మందలిస్తే, ‘ఇక్కడి కాలేజీల్లో ఇది 150 ఏళ్లుగా మామూలే నాన్నా’ అంటున్నాడు. బుకాయిస్తున్నాడా? డబ్బు ఆపేయమంటారా?

జవాబు: బుకాయించడం లేదండీ, తగ్గించే చెప్పాడు. రెండు కాలేజీల మధ్య మొదటి బేస్‌బాల్ మ్యాచ్ మీవాడున్న మసాచుసెట్స్‌లోనే, పిట్స్‌ఫీల్డ్‌లో, 1859 జులై 1న జరిగింది. అమ్హెర్‌స్ట్ కాలేజీ 73 పరుగులు, విలియమ్స్ కాలేజీ 32. నాటకాల పిచ్చీ అప్పటిదే. హార్వర్డ్ కుర్రాళ్లు తామే ఆడవేషాలు కట్టి హాస్యనాటకాలు వేసేవాళ్లు. బాపట్లలో పుట్టి, ఆడవేషాలకే పేరుపడ్డ నటుడు స్థానం నరసింహారావు గారి ఊరి పక్కవారికి ఇది వింతగా ఉండకూడదు.

ఎర్నెస్ట్ థేయర్ అని ఒకాయన. వాళ్ల నాన్నకు ఉన్ని మిల్లులు. హార్వర్డ్‌లో తత్వశాస్త్రం చదువుతూ, విద్యార్థుల హాస్యపత్రిక నడుపుతూ, 1885లో మంచి మార్కులతో డిగ్రీ పుచ్చుకున్నాడు. 1888 జూన్‌లో బేస్‌బాల్ మీద ఒక హాస్యకవిత రాసి శాన్ ఫ్రాన్సిస్కో పత్రికలో మారుపేరుతో వేయించాడు. ఆగస్టులో డివోల్ఫ్ హాపర్ అనే నటుడు న్యూయార్క్ నాటకశాలలో, బేస్‌బాల్ ఆటగాళ్ల ముందే, దాన్ని చదివాడు. అంతే, జీవితాంతం ఆయనను జనం అదే చదవమన్నారు. రాసిన థేయర్ మాత్రం ఇంటికొచ్చి నాన్న మిల్లు చూసుకున్నాడు. ఈ ముక్క మీకు నచ్చుతుందని తెలుసు.

అయితే థేయర్ నడిపిన ఆ విద్యార్థుల హాస్యపత్రికలోనే డబ్బు వ్యవహారాలు చూసిన విలియం హెర్‌స్ట్ అల్లరి మితిమీరి, డిగ్రీ లేకుండానే హార్వర్డ్ వదలాల్సి వచ్చింది. వాళ్ల నాన్నకు గనులున్నాయి కాబట్టి ఏకంగా ఒక దినపత్రిక చేతిలో పెట్టాడు. మీకు గనులు లేవు, అప్పుంది. అందుకే మీ టెన్షన్‌ను నేను తీసిపారేయడం లేదు. కాకపోతే మీరు అడగాల్సింది నాటకం గురించి కాదు. పోయిన సెమిస్టర్ మార్కులెంత? క్రెడిట్ కార్డు మీద బాకీ ఎంత? ఇంటద్దె టైముకి కడుతున్నాడా? అప్పు వాయిదా ఎంతో, ఎప్పుడు మొదలవుతుందో వాడికి తెలుసా? చాలామంది తండ్రులు ఈ చివరిది పిల్లలకు చెప్పరు, పరువు తక్కువనుకుంటారు. చెప్పండి. వాడు పాతికేళ్లవాడు కాబోలు, మోయగలడు.

జవాబులు తిన్నగా వస్తే వాణ్ని వదిలేయండి. తడబడితే అప్పుడు లెక్కలు అడగండి, అంతేకాని డబ్బు ఒక్కసారిగా ఆపకండి. ఫీజు కట్టక చదువు ఆగితే వీసాకే ఎసరు.

ఇంకో మాట. మీ ఆదివారం పొద్దున ఏడంటే, వేసవిలో అక్కడ శనివారం రాత్రి తొమ్మిదిన్నర. నాటకం సగంలో ఉంటుంది, ఫోన్ ఆపేసి కూర్చుంటాడు. సాయంత్రం ఏడున్నరకు చేయండి. అక్కడ ఉదయం పది, లేచే ఉంటాడు. ముందు ఏ నాటకం చూశాడో అడిగి, ఆ తర్వాత మార్కులు అడగండి.