‘వలస’ అన్న మాట దగ్గర ఆగు

అమ్మాయీ,

అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలోని మీ బెల్లింగ్‌హామ్‌లో, గ్రంథాలయ ప్రదర్శన పలకల మీద పెట్టడానికి నువ్వు ఊరి చరిత్ర గురించి రాసిన పాఠం చేరింది. మొదటిసారి చదివి సంతోషించాను. రెండోసారి పెన్సిల్ తీశాను. కోపగించుకోకు.

నీ మొదటి వాక్యం: ‘1907లో మనవాళ్లు ఇక్కడినుంచి తరిమివేయబడ్డారు.’ తరిమింది ఎవరు? నువ్వు చెప్పలేదు. ఆ ‘బడు’ ధాతువు ఉందే, చేసినవాడికి మంచి చాటు. ఆ సెప్టెంబరు 4 రాత్రి కొన్ని వందల మంది తెల్లవాళ్లు, భారతదేశం నుంచి వచ్చిన కలప మిల్లు కూలీల బసల మీద పడ్డారు. నిద్రలో ఉన్నవాళ్లను వీధిలోకి ఈడ్చారు, కొట్టారు. రక్షణ కోసమని చెప్పి దాదాపు 200 మందిని నగరపాలక భవనం నేలమాళిగలో పెట్టారు. పది రోజులు తిరగకుండానే ఊళ్లో ఆ కూలీలు ఒక్కరూ మిగల్లేదు. దాడి చేసినవాళ్లలో ఎవరికీ శిక్ష పడలేదు. ఆ భవనమే ఇప్పుడు మ్యూజియం, నువ్వు చూసే ఉంటావు. కర్తను వాక్యంలోకి తీసుకురా, అతనికి ఒక క్రియ ఇవ్వు, ఇక విశేషణాలతో పని ఉండదు.

‘మనవాళ్లు’ అన్నది కూడా తొందరపాటే. ఆనాటి పత్రికలు వాళ్లందరినీ ‘హిందువులు’ అని రాశాయి. నిజానికి ఎక్కువమంది పంజాబీ సిక్కులు. పేరు తప్పుగా పిలిపించుకున్నవాళ్లను మనం మరో పేరుతో కలిపేసుకోవడం ఎందుకు? పంజాబు నుంచి వచ్చిన సిక్కులని రాయి, చాలు.

అసలు నేను ఆగిపోయింది ‘ఇక్కడ’ దగ్గర. ఎవరి ఇక్కడ? ఊరికి నడుమ జలపాతం ఉంది కదా, ఆ వాగు పేరే వాట్‌కమ్. హోరెత్తే నీళ్లు అని దాని అర్థం చెబుతారు. అక్కడి మూలవాసులైన లమ్మీ, నూక్సాక్ జాతుల మాట అది. 1852 చివర్లో అక్కడికి ఇద్దరు వచ్చి, ఆ నీటి బలంతో రంపపు మిల్లు పెట్టారు. అందులో ఒకడైన హెన్రీ రోడర్ జర్మనీలో పుట్టినవాడు. అంటే వలస వచ్చినవాడే. అయినా చరిత్రలో అతనికి ‘తొలి స్థిరనివాసి’ అన్న బిరుదు దక్కింది. యాభై ఏళ్ల తర్వాత మిల్లు పనికి వచ్చిన సిక్కు మాత్రం ‘వలస కూలీ’.

మన భాషలో ఇంకో చిక్కుంది చూడు. పొట్ట చేత పట్టుకుని వచ్చిందీ వలసే, దేశాన్ని ఆక్రమించి ఏలిందీ వలస పాలనే. ఒకే మాట రెండు పనులు చేస్తోంది. నువ్వు ప్రతి పలకలోనూ ‘వలస’ అని రాసుకుంటూ పోతే చదివేవాళ్లకు రోడరూ, సిక్కు కూలీ, ఇవాళ సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి వచ్చిన మీ పక్కింటి తెలుగు కుర్రాడూ ఒకే గాటన కనిపిస్తారు. ఎవరు ఎందుకు వచ్చారో, వచ్చాక నేల ఎవరి పేరన రాయించుకున్నారో విడదీసి చెప్పు.

మూలవాసుల గురించి నీ పలక ‘ఒకప్పుడు ఇక్కడ నివసించేవారు’ అని మొదలవుతోంది. ఒకప్పుడేమిటి? లమ్మీలు ఇవాళా ఉన్నారు, ఆ సముద్రంలో ఇవాళా సాల్మన్ చేపలు పడుతున్నారు. అమెరికా ప్రభుత్వంతో 1855లో చేసుకున్న పాయింట్ ఎలియట్ ఒప్పందంలో నేల వదులుకున్నా, అలవాటైన తావుల్లో చేపలు పట్టే హక్కును అట్టేపెట్టుకున్నారు. ఆ హక్కు కాగితం మీదే మిగిలిపోతుంటే కోర్టుకెక్కారు. పట్టదగిన చేపల్లో సగం వాటా అలాంటి ఒప్పందాలు చేసుకున్న జాతులదని ఫెడరల్ జడ్జి బోల్ట్ 1974లో తీర్పిచ్చాడు. ‘రెడ్ ఇండియన్లు’ అన్న మాట మాత్రం తీసెయ్. మన పాఠ్యపుస్తకాల నుంచి అంటుకున్న మరక అది.

ఇంకొకటి. లమ్మీ పెద్దావిడ చెప్పిన కథను పలక మీద పెడతానన్నావు. అడిగావా? ఆ తీరపు జాతుల్లో కొన్ని కథలూ పేర్లూ కుటుంబానివే, బయటివాళ్లు చెప్పకూడనివి ఉంటాయి. నా తొలినాళ్లలో ఒక ముసలమ్మ పొయ్యి దగ్గర చెప్పిన సంగతిని పత్రికలో అచ్చు వేయించి, సంబరంగా తీసుకెళ్లి ఆమెకు చూపించాను. ‘నీతో చెప్పాను గానీ ఊరితో చెప్పానా నాయనా’ అంది. కాగితం మడిచి నా చేతిలోనే పెట్టింది. ఆ తర్వాత నాకు ఇంకేమీ చెప్పలేదు.

మార్చిన ప్రతి పంపేటప్పుడు అక్షరాలు కాస్త పెద్దవిగా పెట్టు. నా కళ్లు మునుపటిలా లేవు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు