క్లోరిన్‌లో 18.5 న్యూట్రాన్లు ఎలా వచ్చాయి?

మీ పాప తీసివేత సరిగ్గానే చేసిందండీ, తీసుకున్న అంకే వేరు. క్లోరిన్ పరమాణు ద్రవ్యరాశి 35.5లోంచి పరమాణు సంఖ్య (అంటే ప్రోటాన్ల సంఖ్య) 17 తీసేస్తే 18.5 వస్తోంది, అర న్యూట్రాన్ ఉంటుందా అని అడిగారు కదా, ఉండదు. చాలా ఏళ్లుగా ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెబుతున్నాను, ప్రతి బ్యాచ్‌లో ఎవరో ఒకరి నోట్సులో ఈ 18.5 కనబడుతూనే ఉంటుంది. చాలామంది దాన్ని 18 చేసో 19 చేసో ముందుకెళ్లిపోతారు. ఆగి అడిగిందంటే మీ పాపకు విషయం పట్టుబడుతోందనే అర్థం.

ఆవర్తన పట్టికలో క్లోరిన్ గడిలో ఉండే 35.45 (స్కూల్లో రౌండ్ చేసి 35.5 అంటాం) ఏ ఒక్క పరమాణువుదీ కాదు, అది సగటు. ప్రకృతిలో దొరికే క్లోరిన్‌లో వంద పరమాణువులు తీసుకుంటే సుమారు 76 క్లోరిన్-35వి, 24 క్లోరిన్-37వి. ఒకే మూలకంలో న్యూట్రాన్ల సంఖ్య వేరుగా ఉండే ఇలాంటి రకాలనే ఐసోటోపులు అంటాం. 76ని 35తో, 24ని 37తో గుణించి, రెండూ కూడి, వందతో భాగించమనండి, 35.48 వస్తుంది. అసలు ద్రవ్యరాశులు 35, 37 కన్నా రవ్వంత తక్కువ కాబట్టి ఆ చిన్న తేడా. ఈ లెక్క తన చేత్తో తాను చేస్తేనే అనుమానం పోతుంది, మనం చెబితే పోదు.

ఇదే చిక్కు ఒకప్పుడు శాస్త్రవేత్తలకూ ఉండేది. 1919లో కేంబ్రిడ్జిలో ఆస్టన్ అనే శాస్త్రవేత్త మాస్ స్పెక్ట్రోగ్రాఫ్ (పరమాణువులను ద్రవ్యరాశిని బట్టి విడదీసి చూపే పరికరం) తయారుచేసి, క్లోరిన్‌ను పరీక్షిస్తే ప్లేటు మీద 35 దగ్గర, 37 దగ్గర గీతలు పడ్డాయి, అప్పట్లో సగటుగా అనుకున్న 35.46 దగ్గర మాత్రం ఏమీ పడలేదు. అప్పటికింకా న్యూట్రాన్ సంగతే ఎవరికీ తెలియదు, చాడ్విక్ దాన్ని కనిపెట్టింది 1932లో.

కాబట్టి న్యూట్రాన్లు కావాలంటే ఐసోటోపు పేరు పక్కనుండే ద్రవ్యరాశి సంఖ్యలోంచే (ప్రోటాన్లు, న్యూట్రాన్లు కలిపితే వచ్చేది) పరమాణు సంఖ్య తీసెయ్యాలి, పట్టికలోని దశాంశం జోలికి వెళ్లొద్దు. క్లోరిన్-35లో 17 ప్రోటాన్లు, 18 న్యూట్రాన్లు. క్లోరిన్-37లో ప్రోటాన్లు అవే 17, న్యూట్రాన్లు 20. ప్రోటాన్ల సంఖ్య మారితే అది క్లోరినే కాదు.

ఎలక్ట్రాన్ల దగ్గర ఇంకో చిన్న మెలిక ఉంది, పరీక్షలో మార్కులు పోయేది ఎక్కువగా అక్కడే. ఆవేశం లేకపోతే ప్రోటాన్లెన్నో ఎలక్ట్రాన్లూ అన్నే. కానీ మనం తినే ఉప్పులో ఉండేది క్లోరైడ్ అయాన్, దానికి ఒక ఎలక్ట్రాన్ అదనం, అంటే 18. కేంద్రకంలో మాత్రం ఏ మార్పూ ఉండదు.

పాపతో ఇంకొకటి చేయించండి. కడప జిల్లా తుమ్మలపల్లెలో తవ్వి తీసే యురేనియం పరమాణు సంఖ్య 92. అందులో 99 శాతానికి పైగా యురేనియం-238, యురేనియం-235 ఒక శాతం కూడా ఉండదు. న్యూట్రాన్లు 146, 143 అని చెప్పిందంటే ఇక మీకు టెన్షన్ అక్కర్లేదు.