ముందు ఏది మాన్పించాలి అని అడిగావు కదా

అమ్మలూ,

మొన్న ఫోన్లో నువ్వు అడిగినదానికి అప్పటికప్పుడు ఏమీ చెప్పలేకపోయాను. పక్కన మీ అత్తగారు ఉన్నట్టున్నారు, గొంతు తగ్గించి మాట్లాడావు. "పెద్దమ్మా, మా ఆయనకి ముందు తాగుడు మాన్పించాలా, ముందు మెంటల్ డాక్టరుకి చూపించాలా?" అన్నావు. ఆ ప్రశ్న పట్టుకుని నేను ఏడేళ్ళు తిరిగాను. అందుకే ఇంత పెద్ద ఉత్తరం.

మీ పెదనాన్న తాగేవారని మన చుట్టాల్లో తెలియనివాళ్ళు లేరు. ఆయనకి బైపోలార్ జబ్బు, అంటే కొన్నాళ్ళు పట్టలేనంత హుషారు, కొన్నాళ్ళు దిగులు, ఉందని మాత్రం మీ అమ్మకి కూడా చెప్పలేదు. మొగుడు తాగుతాడంటే జాలి పడతారు, మొగుడికి పిచ్చంటే పిల్లల సంబంధాలు చెడతాయి అని నా లెక్క. నీకు రాస్తున్నానని ఆయనకి చెప్పాను. "రాయి, ఏదీ దాచకు" అన్నారు.

అప్పట్లో మానసిక డాక్టరు దగ్గరికి వెళ్తే "తాగుడు మానేసి రండి, అప్పుడు చూద్దాం" అన్నారు. డీ అడిక్షన్ సెంటరుకి వెళ్తే "మాత్రలు కూడా ఒక వ్యసనమే, ఇక్కడ అవేమీ ఉండవు" అని ఆ జబ్బుకి వాడుతున్న లిథియం మాత్రలు ఆపేశారు. తాగకుండానే ఇంటికొచ్చారు, కాదనను. వచ్చిన పదో రోజు రాత్రి రెండున్నరకి గిన్నెల చప్పుడైతే లేచాను. వంటింట్లో సామానంతా పెరట్లో పరుచుకుని తోముతున్నారు. తెల్లారితే హోటల్ పెడతారట, బయానా కూడా ఇచ్చేశారట. నాలుగు రాత్రులు కన్ను మూయలేదు. ఐదో రోజు, నిద్ర పట్టడానికేనంటూ సీసా తెచ్చుకున్నారు.

అప్పుడర్థమైంది నాకు. నిద్ర పట్టక తాగుతారు, తాగితే మాత్రలు మానేస్తారు, మాత్రలు మానితే మళ్ళీ నిద్ర పట్టదు. దీంట్లో మొదలెక్కడ, చివరెక్కడ అని నువ్వు వెతకకు. రెండూ ఒకే డాక్టరు, ఒకే ఫైల్లో, ఒకేసారి చూడాలి. "అది తగ్గాక ఇది" అని ఇంటికి పంపేసే చోట నీకు పని లేదు. తాగుడు ఆగాక కొన్ని వారాలు చూస్తేగానీ అసలు జబ్బేదో తేలదని కొందరు డాక్టర్లు అంటారు. అది నిజమే. కానీ వైద్యం చేస్తూ చూడటం వేరు, తలుపు వేసి పంపడం వేరు.

నువ్వు స్నానానికి వెళ్తే మీ ఆయన నీ ఫోన్ తీసి చూడటం, ఇంటికి రాగానే గుమ్మం దగ్గర చెప్పులు లెక్కపెట్టడం, కిటికీ అవతల ఎవరో తన గురించి మాట్లాడుకుంటున్నారనడం. మీ ఆయన గురించి నువ్వు చెప్పినవి ఇవి. తాగుడు వల్లే ఇలాంటి అనుమానం రావచ్చు, తాగుడుతో సంబంధం లేకుండానూ రావచ్చు. ఏదో తేల్చడం డాక్టరు పని. కానీ ఆ డాక్టరుకి నువ్వు మాత్రమే ఇవ్వగలిగిన ఆధారం ఒకటుంది. మీ ఆయన రెండేళ్ళ కిందట అయ్యప్ప మాల వేసుకున్నారు కదా. ఆ 41 రోజులూ చుక్క ముట్టలేదన్నావు. ఆ రోజుల్లో అనుమానం తగ్గిందా, అలాగే ఉందా? నిద్ర పట్టేదా? బాగా గుర్తు తెచ్చుకుని ఒక నోట్‌బుక్‌లో రాయి. మా డాక్టరు మమ్మల్ని అడిగిన మొదటి ప్రశ్న కూడా ఇలాంటిదే, "ఈయన తాగకుండా ఎక్కువ రోజులు ఎప్పుడున్నారు, అప్పుడెలా ఉన్నారు?" అని. అంతకుముందు ఏడేళ్ళలో ఎవరూ అడగలేదు.

అలాగని ఇప్పుడు కూడా మాల వేయించి మాన్పిద్దామనుకోకు. అప్పుడాయన సాయంత్రాలు తాగేవారు, ఇప్పుడు పొద్దున లేవగానే కావాలంటున్నారు. ఈ స్థితిలో ఇంట్లో ఉన్నపళంగా ఆపితే ప్రాణం మీదకొస్తుంది. మేం ఆ తప్పు చేశాం. మీ పెదనాన్నని గదిలో పెట్టి గడియ వేశాం. మొదటి రోజు చేతులు వణికి, కాఫీ గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నా ఒలికిపోయింది. మూడో రోజు ఒళ్ళంతా చెమటలు, దుప్పటి మీద లేని చీమల్ని ఒక్కొక్కటే ఏరి కిందపడేస్తున్నారు. నన్ను చూసి "మాస్టారూ" అన్నారు. గాలి సోకిందని తాయెత్తు కట్టించి ఒక పూట పోగొట్టాం. ఆసుపత్రిలో ఇంకాస్త ఆలస్యమైతే దక్కేవారు కాదన్నారు. ఫిట్స్ మొదటి రెండు రోజుల్లోనే రావచ్చు, ఈ మతి తప్పడం ఎక్కువగా రెండో మూడో రోజున వస్తుంది. ఆసుపత్రిలో అయితే దానికి మందులున్నాయి, బి1 విటమిన్ ఎక్కిస్తారు.

నిద్రకని మెడికల్ షాపులో ఆల్‌ప్రజోలామ్ కొనుక్కుంటున్నారన్నావే, అది ఇంకా జాగ్రత్త. అదీ ఒక్కసారిగా ఆపకూడదు, మద్యంతో కలిపి వేసుకోకూడదు. మీ వైపు కల్తీ కల్లులో కలిపేవాటిలో ఇదొకటి. కల్లు దొరకని రోజు మనుషులు ఫిట్స్‌తోనో పిచ్చిగా మాట్లాడుతూనో ఆసుపత్రికి వస్తారంటే కారణం అదే. ఆయన కల్లు కూడా తాగుతుంటే డాక్టరుకి విడిగా చెప్పు, మిగతా మద్యంలోనే కలిపి లెక్కేయకు.

మీ ఆడపడుచు చెప్పిన పొడి మాత్రం వద్దు. తెలియకుండా కూరలో కలిపితే మానేస్తారని ప్రకటనలు వస్తూనే ఉంటాయి. వాటిలో ఏముందో మనకేం తెలుసు? డాక్టర్లు రాసే డైసల్ఫిరామ్ అనే మాత్ర ఒకటుంది. అది వేసుకుని తాగితే మొహం ఎర్రబడి, గుండె దడదడలాడి, బీపీ పడిపోతుంది. వేసుకునే మనిషికి తెలిసి, ఒప్పుకుంటేనే ఇస్తారు. అనుమానం జబ్బున్న మనిషికి భార్య అన్నంలో ఏదో కలిపిందని తెలిస్తే ఏమవుతుందో నువ్వే ఆలోచించు.

ఇక ఎక్కడికి అంటావా. సినిమాల్లోనూ తిట్లలోనూ విని ఎర్రగడ్డ అంటే భయపడతాం. నేనూ భయపడ్డాను. కానీ హైదరాబాద్‌లో నీకు అందుబాటులో ఉన్నది అదే, ప్రభుత్వ మానసిక వైద్యశాల. తాగుడుకీ మనసుకీ రెండింటికీ అక్కడే చూస్తారు. విశాఖలో అయితే చినవాల్తేరులో ఉంది. ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రుల్లో సైకియాట్రీ విభాగం ఉంటుంది. ఎక్కడా తేలకపోతే బెంగళూరులో నిమ్హాన్స్ అనే పెద్ద మానసిక ఆసుపత్రిలో వ్యసనాలకే ప్రత్యేక విభాగం ఉంది, మన తెలుగువాళ్ళు చాలామంది వెళ్తారు. ఇవాళ రాత్రే ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే 14416 కి చెయ్యి. టెలి మానస్ అంటారు, మనసు బాధలకి ప్రభుత్వం పెట్టిన ఫోన్ సాయం, 2022లో మొదలైంది, 24 గంటలూ ఉచితం, తెలుగులో మాట్లాడతారు. జబ్బున్న మనిషే చెయ్యాలని లేదు, ఇంట్లోవాళ్ళూ చెయ్యచ్చు. వ్యసనాలకి విడిగా 14446 ఉంది.

ప్రైవేటు సెంటరు గురించి మీ మరిది చెప్పాడట. డబ్బు కట్టేముందు వెళ్ళి చూసి రా. సైకియాట్రిస్టు వారానికి ఎన్నిసార్లు వస్తారు? వాడుతున్న మాత్రలు కొనసాగిస్తారా? రాత్రి ఫిట్స్ వస్తే ఏ ఆసుపత్రికి తీసుకెళ్తారు? నేను ఎప్పుడొచ్చి చూడచ్చు? రాష్ట్ర మానసిక ఆరోగ్య సంస్థలో రిజిస్టర్ అయిందా? వీటికి నసిగితే వెనక్కి వచ్చెయ్. "మేమే వ్యాను పంపి ఎత్తుకొస్తాం" అంటే అసలు ఆగకు. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం మద్యం, మాదకద్రవ్యాల వల్ల వచ్చే మానసిక సమస్యలు కూడా మానసిక అనారోగ్యం కిందికే వస్తాయి. గొలుసులు వేయకూడదు. ఒప్పుకోని మనిషిని చేర్చడానికీ డాక్టర్ల పరీక్ష, ఒక పద్ధతి ఉన్నాయి. 2001లో తమిళనాడు ఏర్వాడిలో గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది మానసిక రోగులు మంటల్లో పోయారు. ఆ సంగతి తర్వాతెప్పుడో పేపర్లో చదివినప్పుడు నేను వేసిన గడియే గుర్తొచ్చింది.

ఇన్సూరెన్స్ పాలసీ కూడా తీసి చదువు. మనసు జబ్బులకి కవర్ ఇవ్వాలని అదే చట్టం చెప్తున్నా, తాగుడు వైద్యానికి వర్తించదనే షరతు చాలా పాలసీల్లో ఉంటుంది.

రమ్మంటే రారన్నావు. "నీకు పిచ్చి, పద" అంటే ఎవరొస్తారు? తాగకముందు, పొద్దున్నే, ఒక్క ముక్క చెప్పు: "మీకు నిద్ర ఉండటం లేదు, దానికి డాక్టరుని చూద్దాం." నిద్ర లేదన్నది ఆయనే ఒప్పుకునే బాధ. మీ పెదనాన్న కూడా ఆ ఒక్క మాటకే కదిలారు. అప్పటికీ రాకపోతే నోట్‌బుక్ పట్టుకుని ముందు నువ్వొక్కదానివే వెళ్ళి డాక్టరుతో మాట్లాడు.

ఒక విషయం మాత్రం గట్టిగా చెప్తున్నా. అనుమానంతో చెయ్యి ఎత్తితే నచ్చజెప్పడానికి నిలబడకు. పిల్లని తీసుకుని బయటికి వచ్చెయ్, పోలీసు సాయానికి 112 కి గానీ, ఆడవాళ్ళ హెల్ప్‌లైన్ 181 కి గానీ చెయ్యి. చచ్చిపోతానంటే తాగి వాగుతున్నాడని కొట్టిపారేయకు. ఒంటరిగా వదలకు, మాత్రల స్ట్రిప్పులు, ఇంట్లో ఉన్న పురుగుమందు కనపడకుండా తీసెయ్, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళు.

ఒక్క ట్రీట్‌మెంట్‌తో అయిపోతుందని చెప్పను. మా డాక్టరు కుదిరాక కూడా మీ పెదనాన్న రెండుసార్లు జారారు, ఒకసారి మా పెద్దాడి పెళ్ళిలోనే. ఆ రెండుసార్లూ మర్నాడే డాక్టరు దగ్గరికి వెళ్ళాం, మాత్రలు ఆగలేదు. ఇప్పటికి తొమ్మిదేళ్ళు. తాగుడు మానాలనుకునేవాళ్ళు కలిసి మాట్లాడుకునే ఏఏ (ఆల్కహాలిక్స్ అనానిమస్) మీటింగులకి వెళ్తారు. అక్కడ మొదట్లో ఒకాయన "మాత్రలు వేసుకుంటే అది సంపూర్ణంగా మానినట్టు కాదు" అంటే తిన్నగా డాక్టర్నే అడిగొచ్చారు. మాత్రలూ మానలేదు, మీటింగూ మానలేదు.

ఆదివారం రాత్రి బస్సుకి మేమిద్దరం బయల్దేరుతున్నాం. సోమవారం ఓపీకి పొద్దున్నే వెళ్ళాలి, మీ ఆయన ఆధార్ కార్డు, పాత చీటీలు, ఖాళీ అయినవైనా సరే మాత్రల స్ట్రిప్పులు ఒక కవర్లో పెట్టు. లైన్లో ఆయన పక్కన మీ పెదనాన్న కూర్చుంటానన్నారు, ఆ పని నాకంటే ఆయనకే బాగా వచ్చు. రాత్రికి మీ ఇంట్లోనే ఉంటాం. ఆయన తొమ్మిదింటికల్లా మాత్రలు వేసుకుని పడుకుంటారు, భోజనం ఎనిమిదింటికే పెట్టెయ్.

పెద్దమ్మ